సగం నీడ వరండాలో హ్యాంగింగ్ కుండీల్లో ఏం పెట్టాలి? డబ్బులు తగలేసి నేర్చుకున్నది చెప్తా

తూర్పు వరండా, పొద్దున కాసేపు ఎండ, తర్వాత రోజంతా నీడ, పైనుంచి వేలాడుతూ పూలు కావాలి, ఇదే కదండీ మీరడిగింది. మాదీ అచ్చం ఇదే కేసు, హైదరాబాద్‌లో మూడో అంతస్తు, తూర్పు బాల్కనీ.

మొదటి ఏడాది జనవరిలో నర్సరీకి వెళ్ళి నిండా పూసున్న పెటూనియాలు నాలుగు, ఒక టేబుల్ రోజ్ (మా అమ్మ నాచుపూలు అంటుంది) తెచ్చి, మూడు పెటూనియాలు, నాచుపూలు స్లాబ్‌కి కొట్టించిన హుక్కులకి తగిలించా, చోటు లేక ఒక పెటూనియా కింద గ్రిల్ మీద పెట్టా. పదిహేను రోజులు ఫొటోలే ఫొటోలు. ఆ తర్వాత పైనున్న వాటికి కాడలు సాగిపోయి ఆకులు పల్చబడి మొగ్గ అన్నదే లేదు, నాచుపూలైతే మొగ్గ వేసేది గానీ విచ్చుకునేది కాదు, అట్లనే ముడుచుకుని రాలిపోయేది. నీళ్ళు చాలట్లేదేమో అని ఇంకో చెంబు పోశా, వేళ్ళు కుళ్ళిపోయాయి. గ్రిల్ మీదది మాత్రం రోజూ నాలుగైదు పూలిస్తానే ఉంది!

ఒక ఆదివారం కాఫీ పట్టుకుని అక్కడే కూర్చుంటే విషయం అర్థమైంది. పొద్దున్నే ఎండ అడ్డంగా లోపలిదాకా పడుతుంది, సూర్యుడు పైకెక్కే కొద్దీ పై స్లాబు నీడ పైనుంచి కిందికి దిగుతా వస్తుంది. ఎనిమిదింటికల్లా హుక్కుకున్న కుండీలు నీడలోకి పోయాయి, గ్రిల్ మీద దానికి ఇంకా పదింటిదాకా ఎండే. అంటే పైన గంట, కింద మూడు గంటలు, పెటూనియా సరిగ్గా పూయాలంటే ఐదారు గంటలు కావాలి. కాబట్టి ముందు ఏ మొక్కా కొనకండి, ఖాళీ కుండీ తగిలించి దాని మీద ఎండ ఎంతసేపుందో ఒకరోజు చూడండి. గొలుసు ఒక అడుగు పొడుగు చేసినా బానే తేడా వస్తుంది.

నా దగ్గర పైన హాయిగా బతికేవి మనీ ప్లాంట్, స్పైడర్ ప్లాంట్, టర్టిల్ వైన్, ఊదా చారల వాండరింగ్ జ్యూ. ఈ ఆఖరిది మరీ నీడైతే ఊదా రంగు వెలిసి ఆకుపచ్చగా అయిపోతుంది, ఎండ కాస్త తగిలే అంచుకి పెట్టుకోండి. టర్టిల్ వైన్ చూడ్డానికి పచ్చ జడలా దిగుతుంది కానీ కొన్నాళ్ళకి నడినెత్తిన బట్టతల వస్తుంది, కంగారు పడకుండా కింద వేలాడే కొసలు కత్తిరించి ఆ బట్టతల మీదే గుచ్చేయండి, వారంలో వేర్లు పట్టేస్తాయి. పూలే కావాలంటే బిగోనియా, వానాకాలంలో టోరేనియా. పెటూనియా అంత రచ్చ చేయవు గానీ ఆగకుండా పూస్తాయి. ఇంగ్లీష్ ఐవీ రెండుసార్లు కొన్నా, రెండుసార్లూ ఏప్రిల్ ఎండలకి, ఆకుల రసం పీల్చే సన్న నల్లికి పోయింది, ఇక దాని జోలికి పోను.

కొబ్బరి పీచు బుట్టలు అందంగానే ఉంటాయి కానీ మేలో పొద్దున పోసిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు, దానికి తోడు ఉడుతలొచ్చి ఆ పీచంతా గూటికి పీక్కుపోయాయి. ఇప్పుడు కింద ప్లేటు ఉన్న ప్లాస్టిక్ కుండీలే వాడుతున్నా. ప్లేటు లేకుండా వాడితే ఏమవుతుందో కింది ఫ్లాట్ ఆంటీ ఆరేసిన తెల్ల చీర మీద ఎర్రనీళ్ళు కారిన రోజు తెలిసొచ్చింది. అప్పట్నుంచి ఎర్రమట్టి తగ్గించి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, మిగతా సగం వర్మీ కంపోస్టు, మట్టి కలుపుతున్నా, బరువూ తగ్గింది. ఒకటే, కోకోపీట్ పూర్తిగా ఎండితే నీళ్ళు పీల్చదు, పోసింది పోసినట్టు పక్కల నుంచి జారిపోతుంది, మీరేమో తడిసిందనుకుంటారు. అప్పుడు కుండీ దింపి బకెట్ నీళ్ళలో పది నిమిషాలు ముంచాలి. ఎండిందో లేదో తెలియాలంటే అరచేత్తో కుండీని అడుగు నుంచి కొంచెం పైకెత్తి చూడండి, తేలిగ్గా లేస్తే పోయండి, లేకపోతే వద్దు.

ఇంట్లో పిల్లి, పాకే పిల్లలు ఉంటే మనీ ప్లాంట్ తీగలు అందనంత పైన ఉంచండి, నమిలితే నోరు మండుతుంది. పిల్లి ఉన్నవాళ్ళకి స్పైడర్ ప్లాంటే బెటర్.

ఇక పావురాల సంగతి. మా ఫెర్న్ కుండీలో ఒక పావురం రెండు గుడ్లు పెట్టింది, నీళ్ళు పోయడానికి మా ఆవిడ ఒప్పుకోలేదు. పిల్లలు ఎగిరిపోయేసరికి ఫెర్న్ చీపురైంది.