మద్యం ముట్టని అమ్మానాన్నలను ఇంగ్లండ్‌లో కాలువ గట్టు పబ్బుకు భోజనానికి తీసుకెళ్లవచ్చా?

మీరు మిల్టన్ కీన్స్ దగ్గర ఉంటున్నారు, వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు. ఇద్దరూ మద్యం ముట్టరు, అమ్మగారు శాకాహారి. కాలువ పక్కనున్న పాతకాలపు పబ్బులో వాళ్లకు ఒక పూట భోజనం పెట్టించాలని ఉంది కానీ, ఇబ్బంది పడతారేమోనని సందేహిస్తున్నారు. తప్పకుండా తీసుకెళ్లండి. నేను మా వాళ్లను తీసుకెళ్లాను. ఆ ప్రయాణంలో వాళ్లు ఇప్పటికీ తలుచుకునేది లండన్‌ను కాదు, ఆ మధ్యాహ్నాన్నే.

పబ్బు అనగానే మా అమ్మ "తాగే చోటికి నన్నెందుకు నాయనా" అంది. హైదరాబాదులో ఆ మాట వింటే చీకటి గది, చెవులు చిల్లులు పడే పాటలు గుర్తొస్తాయి, ఆమె తప్పేమీ లేదు. ఇక్కడి పల్లెటూరి పబ్బులో మాత్రం మధ్యాహ్నం పూట ముసలి దంపతులు, పసిపిల్లల తల్లులు, బల్ల కింద పడుకున్న కుక్కలు కనిపిస్తాయి. 2007 జులై నుంచి లోపల పొగ తాగడం నిషేధం కాబట్టి ఆ వాసన కూడా ఉండదు. పావుగంట గడిచేసరికి మా అమ్మ పక్కబల్ల మీది పాపను ఆడిస్తూ కనిపించింది.

మీకు దగ్గరలోనే ఉన్న స్టోక్ బ్రూయర్న్ ఊరికి వెళ్లండి. లండన్‌ను బర్మింగ్‌హామ్‌తో కలిపే గ్రాండ్ యూనియన్ కాలువ ఆ ఊరి మధ్యనుంచే పోతుంది. అక్కడ వరుసగా ఏడు లాకులున్నాయి, అంటే తలుపుల మధ్య నీటిని నింపి, వదిలి పడవలను పైకెక్కించే, కిందికి దించే గదులు. అన్నిటికన్నా పైనున్న లాకు పక్కనే గడ్డికప్పుతో ‘బోట్ ఇన్’ అనే పబ్బు ఉంది. 1877లో అది ఒక కుటుంబం చేతికి వచ్చి, తరాలపాటు వాళ్ల దగ్గరే ఉంది. ఎదుటి గట్టున పాత ధాన్యపు మిల్లులో కాలువల మ్యూజియం పెట్టారు. పబ్బు లోపల తోలు కప్పిన బల్లమీద తొమ్మిది చెక్క గుంజలు నిలబెట్టి, గుండ్రటి చెక్క బిళ్లలతో కొట్టే స్కిటిల్స్ ఆట ఉంటుంది. ఈ ఊరున్న నార్తాంప్టన్‌షైర్ ప్రాంతం వాళ్లకు అదంటే ప్రాణం. పిల్లలుంటే తప్పక ఆడించండి.

భోజనం విషయానికొస్తే, చాలా పల్లెటూరి పబ్బుల్లో బల్ల దగ్గరికి వచ్చి ఏం కావాలని ఎవరూ అడగరు. బల్లమీది అంకె గుర్తుపెట్టుకుని, కౌంటరు దగ్గరికి వెళ్లి చెప్పి, అక్కడే డబ్బు కట్టి రావాలి. ఇది తెలియక నేను మొదటిసారి అరగంట ఎదురుచూశాను. అంతకన్నా ముఖ్యమైనది వేళ. పబ్బు రాత్రిదాకా తెరిచే ఉన్నా, వంటగది మధ్యాహ్నం రెండు, రెండున్నరకు మూసేసి సాయంత్రం ఆరింటికి మళ్లీ తెరవడం పరిపాటి. ఒకసారి వేరే ఊళ్లోని పబ్బుకు మూడింటికి చేరి, ఆకలితో ఉన్న పిల్లలకు ఆలుగడ్డ చిప్స్ పొట్లాలు కొనిచ్చి వెనక్కి తెచ్చాను. ముందు ఫోను చేసి వెళ్లండి. ఆదివారమైతే బల్ల కూడా చెప్పి ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ రోజు రోస్ట్ (కాల్చిన మాంసం, కూరగాయలు) భోజనం కోసం ఊళ్లకు ఊళ్లే వస్తాయి.

మీ అమ్మగారి కోసం కొన్ని సంగతులు గట్టిగా అడిగి తెలుసుకోండి. రోస్ట్ మీద పోసే గ్రేవీ మామూలుగా మాంసపు రసంతో చేసిందే. యార్క్‌షైర్ పుడింగ్ పేరు చూసి మిఠాయి అనుకుంటారు. అది గుడ్లు, పాలు, పిండి కలిపి కాల్చేది, పాత పద్ధతిలోనైతే గొడ్డు కొవ్వులో. బంగాళాదుంప ముక్కలు చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారేమో అడగండి. శాకాహారం అన్న గుర్తు ఉన్నా గుడ్డు ఉండవచ్చు. రొట్టె, చీజ్, ఊరవేసిన ఉల్లిపాయ, చట్నీ కలిపి ఇచ్చే ప్లౌమన్స్ లంచ్‌ను హ్యామ్ (పంది మాంసం) లేకుండా ఇవ్వమంటే ఇస్తారు. మా అమ్మకు నచ్చింది అదే. సైడర్ అంటే యాపిల్ రసం అనుకోకండి, ఇక్కడ అది మద్యమే. తాగకుండా కూర్చుంటే ఏమనుకుంటారో అన్న మొహమాటం అక్కర్లేదు. కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలని చట్టమే ఉంది.

భోజనమయ్యాక వెంటనే లేవకండి. వాన లేకపోతే బయట గట్టుమీది బెంచీల్లోనే కూర్చోండి. మా నాన్నది ఆత్రేయపురం దగ్గరి ఊరు. గోదావరి కాలువ మీది లొల్ల లాకుల దగ్గర పెరిగిన మనిషి. చిన్నప్పుడు ధాన్యపు పడవలను గట్టుమీద నుంచి తాళ్లతో మనుషులు లాగడం చూశారు. ఇక్కడ ఆ పని గుర్రాలు చేసేవని మ్యూజియంలో చదివి చాలాసేపు అక్కడే నిలబడిపోయారు. ఊరి పైనున్న బ్లిస్‌వర్త్ సొరంగం పొడవు 2,813 మీటర్లు. 1805లో తెరిచారు. లోపల గుర్రం నడిచే దారి లేదు కనుక, గుర్రాన్ని కొండమీదుగా నడిపించి, పడవవాళ్లు వెల్లకిలా పడుకుని గోడలను కాళ్లతో తన్నుతూ ఆ చీకట్లో అంత దూరమూ పడవను నడిపేవారు. అంత కష్టం చేసి బయటికొచ్చినవాళ్లకు ఈ పబ్బు దీపం ఎలా కనిపించి ఉంటుందో అనిపించింది నాకు.

ఏడడుగుల వెడల్పున్న పొడవాటి పడవ ఒకటి వచ్చింది. అందులో వృద్ధ దంపతులు మాత్రమే ఉన్నారు. ఆవిడ ఇనుప పిడి తిప్పి తూము తెరిచింది. లాకులోకి నీళ్లు సుడులు తిరుగుతూ నిండుతున్నాయి. తలుపు నుంచి గట్టుమీదికి చాచుకుని ఉన్న బరువైన దూలాన్ని తోయడానికి ఆమె తంటాలు పడుతుంటే, నేను సాయం చేద్దామని లేచాను. నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపారు. "నీళ్లు సమం కానీ. అప్పటిదాకా ఏనుగొచ్చినా కదలదు" అన్నారు. లోపలి నీరు, బయటి నీరు ఒకటయ్యాక తనే లేచి వెళ్లి, దూలానికి వీపు ఆనించి, మడమలు నేలకు తన్నిపట్టి నెమ్మదిగా నెట్టారు. తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆవిడ నవ్వి ఏదో అడిగింది. నాన్నకు ఇంగ్లీషు అంతగా రాదు. "లాకు" అన్నారు, తలుపు చూపిస్తూ. ఆ మాట ఆవిడకు అర్థమైంది.

చిన్నపిల్లలుంటే గట్టు దగ్గర చెయ్యి వదలకండి, లాకుకు కంచె ఉండదు, లోతు ఎక్కువ.