నిమ్మరసం తాగగానే బ్రష్ చేయొచ్చా?

ప్రశ్న: బరువు తగ్గుదామని రోజూ పరగడుపున గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగుతున్నాను. నోరు పుల్లగా ఉంటుందని వెంటనే బ్రష్ చేస్తాను. ఈమధ్య చల్లనీళ్లు తగిలితే పళ్లు జివ్వుమంటున్నాయి. పేస్టు మార్చాలా?
- ఒక గృహిణి, ఏలూరు

జవాబు: ముందు మార్చాల్సింది వరస. లేవగానే బ్రష్ చేసుకుని, ఆ తర్వాతే నిమ్మరసం తాగండి.

నోట్లో పీహెచ్ (పులుపును కొలిచే అంకె, ఇది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువని అర్థం) సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైపొర ఎనామిల్‌లోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నీళ్లు కలిపినా ఆ పీహెచ్ పెద్దగా పెరగదు. అలా మెత్తబడ్డ పొర బ్రష్ రాపిడికి అరిగిపోతుంది. ఒక్కరోజులో తెలియదు, రోజూ జరిగితే లోపలి డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్‌లోని సన్నని గొట్టాల ద్వారా చల్లదనం నరాన్ని తాకుతుంది. మీకు జివ్వుమనడానికి బహుశా అదే కారణం.

అరిగిన ఎనామిల్ తిరిగి పెరగదు. మెత్తబడ్డ పొరను మాత్రం లాలాజలం మళ్లీ గట్టిపరుస్తుంది, దానికి వ్యవధి ఇవ్వాలి. అందుకే పులుపు తిన్నాక మామూలు నీళ్లతో బాగా పుక్కిలించి, కనీసం అరగంట, వీలైతే గంట ఆగి బ్రష్ చేయండి. మెత్తటి కుచ్చుల బ్రష్, బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. రెండు నిమిషాలు తోమాక నురగ ఉమ్మేసి ఊరుకోండి. గ్లాసుల కొద్దీ నీళ్లతో కడిగితే ఫ్లోరైడ్ పళ్లకు అంటకుండా పోతుంది. ఉప్పు, బొగ్గుపొడి జోలికి మాత్రం అస్సలు వెళ్లకండి.

అయితే ఆగడమొక్కటే పళ్లను కాపాడదు. పులుపు ఎంతసేపు, ఎన్నిసార్లు తగులుతోందన్నదే అసలు లెక్క. నిమ్మనీళ్లు గంటసేపు చప్పరించకుండా ఒక్కసారిగా తాగేయండి, నోట్లో తిప్పకండి. ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు సాయంత్రమంతా నమలడమూ ఇలాంటిదే. భోజనంలో పులిహోర, చారు గురించి అంత బెంగ అక్కర్లేదు, నములుతుంటే లాలాజలం బాగా ఊరుతుంది. చివర్లో పెరుగన్నం ఇంకా మంచిది. పెరుగు పుల్లనిదే అయినా కాల్షియం ఎక్కువ కనుక ఎనామిల్‌ను కరిగించదు.

సెన్సిటివిటీ పేస్టు వాడొచ్చు, గుణం కనపడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోతే, లేదా ఒకే పన్ను లాగుతుంటే, పుచ్చు ఉందేమో డెంటిస్టు చూడాలి.

ప్రశ్న: మూడో నెల. వాంతయిన ప్రతిసారీ బ్రష్ చేస్తున్నాను. పర్వాలేదా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: వద్దమ్మా. కడుపులోంచి వచ్చే ఆమ్లం నిమ్మరసం కంటే ఘాటైనది. గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేయండి, మింగవద్దు. సోడా ఆమ్లాన్ని విరిచేస్తుంది. బ్రష్ గంట తర్వాత. పేస్టు వాసనకే వికారం వస్తుంటే ఘాటు తక్కువున్న ఫ్లోరైడ్ పేస్టుకు మారండి, తోమడం మాత్రం మానకండి.