చవక స్పీకర్లకు ఇంట్లోనే బాక్సు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విశాఖపట్నం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మూడు, నాలుగు అంగుళాల చిన్న స్పీకర్లకు బాక్సు చేసుకోవడం గురించే. అందరికీ పనికొచ్చేవి ఏరి జవాబిస్తున్నాం.

ప్రశ్న: నాలుగంగుళాల 8 ఓముల ఫుల్‌రేంజ్ స్పీకర్లు రెండు కొన్నాను. వాటి మీద 40 వాట్స్ అని తప్ప ఇంకేమీ రాసి లేదు. ఎంత బాక్సు చేయించాలి? పెద్దదైతే బేస్ ఎక్కువ వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: వాట్స్ చూసి బాక్సు సైజు చెప్పడం కుదరదు. కాయిల్ ఎంత వేడికి ఓర్చుకుంటుందో చెప్పే అంకె అది. చవక స్పీకర్ల మీద రాసినది దానికీ పూచీ కాదు. బాక్సు లెక్కకు కావలసినవి మూడు: స్పీకరు తనంతట తాను ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీ (ఎఫ్‌ఎస్), ఆ ఊపుని మ్యాగ్నెట్, అంచు కలిసి ఎంత అదుపు చేస్తున్నాయన్నది (క్యూటీఎస్), కోను బిగువుకి సమానమైన గాలి ఎన్ని లీటర్లన్నది (వీఏఎస్). 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1972–73లో రిచర్డ్ స్మాల్ ప్రచురించిన లెక్కల నుంచి వచ్చినవి కాబట్టి వీటిని థీల్-స్మాల్ అంకెలంటారు. కంపెనీ ఇవ్వకపోతే మనమే కొలుచుకోవచ్చు.

టీడీఏ 2030 లాంటి పాతరకం యాంప్లిఫైయర్, 1 కిలో ఓము రెసిస్టర్ ఒకటి, 10 ఓములది ఒకటి, ఫోన్లో టోన్ జనరేటర్ యాప్, ఏసీ మిల్లీవోల్టులు చూపే మల్టీమీటర్ కావాలి. మీటరు దగ్గరే చాలామంది దెబ్బతింటారు. చౌకగా దొరికే పసుపు రంగు మీటర్లలో ఏసీ 200 వోల్టుల రేంజితోనే మొదలవుతుంది, దాంతో ఈ పని జరగదు. క్లాస్-డి (స్విచింగ్ పద్ధతిలో పనిచేసే) యాంప్లిఫైయర్ బోర్డు కూడా వాడకండి. దాని స్విచింగ్ రొద మీటరు రీడింగుని పాడుచేస్తుంది.

ముందు స్పీకరు తీగల మధ్య డీసీ రెసిస్టెన్స్ చూసి రాసుకోండి. 8 ఓముల స్పీకరుకి 7 దగ్గర ఉంటుంది. తర్వాత యాంప్లిఫైయర్ ఔట్‌పుట్‌కి 1 కిలో ఓము, దాని వెనక వరసలో 10 ఓముల రెసిస్టర్ కలిపి, 10 ఓముల మీద సరిగ్గా 10 మిల్లీవోల్టులు వచ్చేదాకా వాల్యూమ్ సర్దండి. ఇప్పుడు 10 ఓములు తీసి ఆ చోట స్పీకరు పెడితే మీటరు చూపే మిల్లీవోల్టులే ఓములు. వాల్యూమ్ మళ్లీ ముట్టుకోకండి. స్పీకరు బల్లకి ఆనకుండా, ముందూ వెనకా గాలి ఆడేలా పట్టి ఉంచి, టోన్ని 30 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుతూ పోండి. రీడింగు పెరిగి, ఒకచోట శిఖరానికి చేరి, మళ్లీ పడిపోతుంది. ఆ శిఖరమే ఎఫ్‌ఎస్.

ఒక ఉదాహరణ. డీసీ 7 ఓములు, శిఖరం 95 హెర్ట్జ్ దగ్గర 28 ఓములు అనుకుందాం. 28ని 7తో భాగిస్తే 4, దాని వర్గమూలం 2. 7ని 2తో గుణిస్తే 14. శిఖరానికి ఇటూ అటూ 14 ఓములు ఎక్కడెక్కడ వస్తున్నాయో చూడండి: 67, 135 అనుకోండి, తేడా 68. 95ని 2తో గుణించి 68తో భాగిస్తే 2.8. దాన్ని మళ్లీ 4తో భాగిస్తే 0.7, అదే క్యూటీఎస్. కొలత సరిగ్గా వచ్చిందో లేదో తెలియాలంటే 67ని 135తో గుణించి వర్గమూలం తీయండి, 95కి దగ్గరగా రావాలి. రాకపోతే మళ్లీ కొలవండి.

వీఏఎస్ కోసం లోపల 16 సెం.మీ. ఘనంగా, గాలి చొరబడని చిన్న పెట్టె ఒకటి చాలు, అది 4.1 లీటర్లు. స్పీకరు అందులో బిగించి శిఖరం మళ్లీ వెతకండి. 95 ఉన్నది 133కి జరిగిందనుకుంటే 133/95 వర్గంలోంచి 1 తీసేసి 4.1తో గుణించాలి. సుమారు 4 లీటర్లు వస్తుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మూసిన బాక్సులో వీఏఎస్‌ని బాక్సు లీటర్లతో భాగించి, 1 కలిపి, వర్గమూలం తీయండి. వచ్చినదాంతో ఎఫ్‌ఎస్‌నీ క్యూటీఎస్‌నీ గుణిస్తే బాక్సులో స్పీకరు ఎలా ప్రవర్తిస్తుందో తెలుస్తుంది. పై స్పీకరుకి 4 లీటర్ల బాక్సులో మొత్తం క్యూ (అంటే గుణించగా వచ్చిన క్యూటీఎస్) దాదాపు 1; ఆ రెండు అంకెల నుంచి తేలే, బేస్ 3 డెసిబెల్స్ పడిపోయే చోటు 106 హెర్ట్జ్. 8 లీటర్లలో క్యూ 0.86, పడిపోయే చోటు 99. 16 లీటర్లలో 0.78, 97 హెర్ట్జ్. అంటే బాక్సు నాలుగింతలు చేస్తే దక్కింది 9 హెర్ట్జ్! పెద్ద బాక్సు పెద్ద బేస్ అన్న మాట ఇలాంటి స్పీకరు దగ్గర చెల్లదు. 4 లీటర్ల దగ్గర కనిపించే 1.2 డెసిబెల్స్ ఉబ్బు 8 లీటర్లలో అర డెసిబెల్‌కి తగ్గుతుంది, గొంతు కాస్త తేటగా వినిపిస్తుంది. ఆ లాభం కోసం 8 దాకా వెళ్లవచ్చు. ఆపైన ప్లైవుడ్ దండగ.

ప్రశ్న: అంత కొలిచాక కార్పెంటరుకి ఏ సైజులు ఇవ్వాలి?
– ఒక పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: 8 లీటర్లకు లోపలి కొలతలు వెడల్పు 16, లోతు 20, ఎత్తు 25 సెం.మీ. మూడూ వేర్వేరుగా ఉండటం ముఖ్యం. సమఘనంగా చేస్తే లోపలి ప్రతిధ్వనులు మూడు వైపులా ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర పోగవుతాయి.

12 ఎం.ఎం. ప్లై అయితే ఒక బాక్సుకి ముక్కలివి: ముందు, వెనక పలకలు 18.4 × 27.4 సెం.మీ. రెండు, పక్కలు 27.4 × 20 రెండు; పైన, కింద 16 × 20 రెండు. రెండు బాక్సులకూ కలిపి 6 చదరపు అడుగులు. రంపపు కోత పోగా 4 × 2 అడుగుల ముక్కలో సరిపోతాయి. జతలో రెండేసి పలకల్ని ఒకే సెట్టింగులో కోయించండి. ఒక్క మిల్లీమీటరు తేడా ఉన్నా మూలల్లో సందు పడుతుంది.

స్పీకరు రంధ్రాన్ని ముందు పలకకి సరిగ్గా మధ్యలో పెట్టకండి, పైకి జరపండి. నాలుగంగుళాలని అడ్డంగా నాలుగంగుళాలు కోసేసినా పొరపాటే, అది ఫ్రేము బయటి కొలత. స్పీకరుని తిరగేసి, లోపలికి దిగే భాగాన్ని కొలిచి, దానికి రెండు మిల్లీమీటర్లు కలిపి కోయించండి. రంధ్రం వెనక అంచుని 45 డిగ్రీలు చెక్కించడం మరవకండి, స్క్రూలు పడే నాలుగు చోట్లు మాత్రం వదిలేయాలి. చిన్న స్పీకరుకి కోను వెనక కిటికీలు పలకకి ఆనుకుని ఉంటాయి. చెక్కకపోతే గాలి అక్కడ ఇరుక్కుని మధ్య స్వరాలు మూసుకుపోయినట్టు వినిపిస్తాయి.

ఫెవికాల్ పెట్టి, మేకులతో కాకుండా క్లాంపులతో రాత్రంతా బిగించి ఉంచండి. ఆరాక లోపలి మూలలన్నిటి వెంటా ఇంకోసారి ఫెవికాల్ వేలితో పూయాలి. తీగ బయటికొచ్చే రంధ్రంలో ఎం-సీల్. స్పీకరు ఫ్రేము కింద తలుపులకి అంటించే సన్నటి ఫోమ్ టేపు. మూసిన బాక్సు పనితనం అంతా గాలి బిగువులోనే ఉంది. పరీక్ష తేలిక: కోనుని రెండు వేళ్లతో సమంగా, మెల్లగా లోపలికి నొక్కి వదలండి. బద్ధకంగా వెనక్కి వస్తే బిగువు సరిపోయింది. చటుక్కున వస్తే ఎక్కడో లీకుంది. 40 హెర్ట్జ్ టోన్ చిన్నగా పెట్టి, ఫ్యాన్ ఆపి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడపండి. పొగ వణికిన చోటే సందు.

ప్రశ్న: హోమ్ థియేటర్ బాక్సుల్లో ఉన్నట్టు నేనూ పీవీసీ గొట్టం పెట్టాను. ఇప్పుడు ఏ పాటైనా ఒకే గుమ్ గుమ్ మోత. గొట్టం సైజు తప్పా?
– ఒక పాఠకుడు, మద్దిలపాలెం

జవాబు: గొట్టం కంటే ముందు స్పీకరునే అనుమానించాలి. చిన్న మ్యాగ్నెట్ వల్ల చవక స్పీకర్ల క్యూటీఎస్ సాధారణంగా 0.6 దాటి ఉంటుంది. గొట్టం బాక్సు కుదిరేది 0.3 నుంచి 0.45 మధ్య ఉన్నవాటికి. మీ స్పీకరు తన ఫ్రీక్వెన్సీ దగ్గర అసలే అదుపు లేకుండా ఊగుతోంది, గొట్టం దానికి తోడై అక్కడే ఇంకొన్ని డెసిబెల్స్ పోగేస్తుంది. అందుకే ఏ స్వరం వాయించినా అదే మోత. పైగా ట్యూనింగ్‌కి (గొట్టంలో గాలి ఎక్కువగా ఊగే ఫ్రీక్వెన్సీకి) కింద బాక్సులో గాలి కోనుకి ఏ ఆసరా ఇవ్వదు. డప్పు దెబ్బలున్న పాట గట్టిగా పెడితే కాయిల్ చివరిదాకా వెళ్లి టక్‌మంటుంది.

గొట్టం పీకనక్కర్లేదు. దాని లోపల స్పాంజి బిరుసుగా కుక్కి వినండి. గాలి పాకుతూ మాత్రమే కదులుతుంది కాబట్టి మోత బాగా తగ్గుతుంది. చాలకపోతే బిరడా కొట్టి పూర్తిగా మూసేయండి.

క్యూటీఎస్ నిజంగానే తక్కువున్న స్పీకరు దొరికితే పొడవు లెక్క ఇది: గొట్టం లోపలి వ్యాసం వర్గాన్ని 23,562తో గుణించి, ట్యూనింగ్ హెర్ట్జ్ వర్గం, బాక్సు లీటర్లు రెండిటితో భాగించండి. అందులోంచి వ్యాసానికి 0.73 రెట్లు తీసేయండి. అన్నీ సెంటీమీటర్లలో. 8 లీటర్లు, 70 హెర్ట్జ్, 4 సెం.మీ. గొట్టమైతే 6.7 సెం.మీ. వస్తుంది. పైపు మీద రాసి ఉండేది బయటి వ్యాసం, మీరు లోపలిది కొలవాలి. రెండు సెంటీమీటర్లు ఎక్కువగా కోసి, వింటూ తగ్గించుకోండి. గొట్టం లోపలి కొసకీ వెనక పలకకీ మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఖాళీ ఉండాలి.

ప్రశ్న: మా ఇల్లు పెదవాల్తేరులో, బీచ్‌కి దగ్గర. ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసిన పలక)తో చేసిన బాక్సు అంచులు ఏడాది తిరక్కుండానే ఉబ్బాయి. ఏ చెక్క మంచిది?
– ఒక పాఠకుడు

జవాబు: ఎండీఎఫ్ శబ్దానికి మంచిదే, విశాఖ తేమకి కాదు. కోసిన అంచులు నీటిని పీల్చుకుంటాయి, ఉబ్బాక తిరిగి సర్దుకోవు. బీడబ్ల్యూఆర్ (మరిగే నీటికి ఓర్చే) గ్రేడు ప్లై తీసుకోండి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై ఇంకా గట్టిది, కానీ ఇంట్లో ఉండే బాక్సుకి అంత ఖర్చు అక్కర్లేదు. కొనేటప్పుడు ముక్క అంచు చూడండి. పొరల మధ్య ఖాళీలుంటే వద్దు, ఆ ఖాళీలే తర్వాత గరగర లాడతాయి. లోపలివైపు కూడా, ముఖ్యంగా కోసిన అంచులకి, రెండు పూతలు వార్నిష్ వేయాలి. బయట మాత్రమే పాలిష్ చేస్తే ఒకవైపే తేమ పీల్చి పలక వంగుతుంది.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే. మామూలువి ఉప్పుగాలికి తుప్పు పడితే ఆ పొడిని మ్యాగ్నెట్ లాగేసుకుంటుంది, అది కాయిల్ సందులో పడితే స్పీకరు పని అయిపోయినట్టే. అంచు ఫోముతో చేసిన స్పీకరు వద్దు, కొన్నేళ్లకి పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు గానీ గుడ్డ అంచు గానీ ఉన్నది చూసుకోండి. కాగితపు కోనుకి తేమ తగలకుండా ఫెవికాలో వార్నిషో పూయాలనిపిస్తుంది. పూయకండి. కోను బరువెక్కి శబ్దం తగ్గుతుంది, పై స్వరాలు మందగిస్తాయి.

ప్రశ్న: మట్టి కుండలో స్పీకరు పెట్టవచ్చా? లోపల దూది కూరాలా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: పెట్టవచ్చు, మంచి ఆలోచన. గుండ్రటి గోడ అంతగా కంపించదు, బయట మూలలుండవు. లోపలి వ్యాసం 24 సెం.మీ. ఉన్న కుండలో 7 లీటర్లు పడతాయి, నీళ్లు పోసి కొలిస్తే సరి. రెండు చిక్కులున్నాయి. నీళ్లు చల్లబరిచే కుండకి సన్నటి రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి కారుతుంది. లోపల ఎపాక్సీ పెయింట్ రెండు పూతలు వేయాలి. రెండోది, గోళంలో ప్రతిధ్వని అన్ని దిక్కుల్లోనూ ఒకే ఫ్రీక్వెన్సీకి చేరుతుంది. ఈ సైజుకి అది 950 హెర్ట్జ్ దగ్గర, సరిగ్గా మనిషి గొంతు ఉండే చోట. కాబట్టి కుండకి నింపుడు తప్పనిసరి. మూతి మీద 12 ఎం.ఎం. ప్లై రింగు ఎం-సీల్‌తో అతికించి, స్పీకరుని దానికి బిగించండి. స్క్రూ నేరుగా మట్టిలోకి దింపితే కుండ పగులుతుంది.

దూది మాత్రం వద్దు. బూరుగు దూది అయినా, పత్తి అయినా తేమకి ముద్ద కడుతుంది, నూగు కాయిల్‌లోకి పోతుంది. దిండ్లలో నింపే రెక్రాన్ ఫైబర్ లీటరుకి 10 గ్రాముల చొప్పున, విడదీసి వదులుగా పెట్టండి. ఏడు లీటర్లకి 70 గ్రాములు. స్పీకరు వెనక పల్చటి గుడ్డ అడ్డం ఉంచండి. చెక్క బాక్సుకీ ఇదే కొలత. గొట్టం ఉన్న బాక్సులో అయితే గోడలకి మాత్రమే అతికించాలి, గొట్టం దారిలో ఏమీ ఉండకూడదు.

ప్రశ్న: పామ్ 8403 అనే చిన్న యాంప్లిఫైయర్ బోర్డు పెట్టాను. రెండు స్పీకర్ల నెగెటివ్ తీగలు కలిపి గ్రౌండుకి ఇచ్చాక బోర్డు కాలిపోయింది.
– ఒక విద్యార్థి, సీతమ్మధార

జవాబు: ఆ ఐసీలో నెగెటివ్ కూడా ఔట్‌పుటే, గ్రౌండు కాదు. ఒక్కో స్పీకరుకి రెండేసి తీగలు విడివిడిగా వెళ్లాలి, ఒకదాన్నొకటి తాకకూడదు. 5 వోల్టుల కంటే ఎక్కువ ఇవ్వకండి. చిన్న స్పీకర్లకి అక్కర్లేని లోతు బేస్‌ని ముందే ఆపేస్తే బోర్డూ కోనూ రెండూ సుఖపడతాయి. యాంప్లిఫైయర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 20 కిలో ఓములైతే సిగ్నల్ తీగకి వరసలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, 80 హెర్ట్జ్ కింద కోత మొదలవుతుంది.

ప్రశ్న: బాక్సు బిగువుగానే కుదిరింది. అయినా గదిలో పాట సన్నగా, ముందుకు దూకుతున్నట్టు వినిపిస్తోంది.
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: పలక వెడల్పు వల్ల వచ్చేది ఇది. 115ని మీటర్లలో పలక వెడల్పుతో భాగించండి: 18 సెం.మీ. పలకకి 640 హెర్ట్జ్ చుట్టూ. అంతకంటే కింది స్వరాలు బాక్సు వెనక్కి కూడా తిరిగిపోతాయి, పైవి ముందుకే వస్తాయి. ముందు ఖర్చు లేని మార్గం చూడండి. బాక్సుని గోడకి 10 సెం.మీ. లోపు జరిపితే వెనక్కి పోయింది కొంత తిరిగొస్తుంది. చాలకపోతే 0.7 మిల్లీహెన్రీ కాయిల్, 4 ఓముల 5 వాట్ల రెసిస్టర్ ఒకదానికొకటి సమాంతరంగా కలిపి, ఆ జతని స్పీకరు పాజిటివ్ తీగకి వరసలో పెట్టండి. మొత్తం శబ్దం కాస్త తగ్గుతుంది, వాల్యూమ్ పెంచుకోవాలి. రెండు బాక్సులకీ ఒకే విలువలు ఉండాలి. అలాగే 1.5 వోల్టుల సెల్లుని ఒక్క క్షణం తాకించి, రెండు స్పీకర్ల కోనులూ ఒకేవైపు కదులుతున్నాయో లేదో చూడండి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ వస్తే ఒక స్పీకరుకి తీగలు మార్చాలి. అలా తిరగబడ్డ తీగల వల్ల కూడా పాట పల్చబడుతుంది, కాబట్టి కాయిల్ కొనే ముందే ఈ పరీక్ష చేయండి.