షోకేసులో నలభై బస్సులు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. ఉప్పల్‌లో అమ్మానాన్నలతో ఉంటున్నాను. ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ ఉద్యోగం. చిన్నప్పట్నుంచీ ఆర్టీసీ బస్సులంటే ప్రాణం. సెలవు రోజున సన్‌బోర్డుతో బస్సుల నమూనాలు చేస్తాను. హాల్లో షోకేసు నిండా అవే, నలభై దాటాయి. ఫైరింజన్లన్నా అంతే ఇష్టం. సైరన్ వినిపిస్తే బైకు తీసి వెనకాలే వెళ్లి చూసొస్తాను. దీనివల్ల రెండు సంబంధాలు తప్పిపోయాయి. మొదటిసారి ఇల్లు చూడ్డానికి వచ్చిన అమ్మాయి మేనమామ షోకేసు చూసి, ‘ఇంట్లో చిన్నపిల్లలున్నారా?’ అన్నాడు. నావేనని చెప్పాను. అబ్బాయికి ఇంకా బొమ్మల ధ్యాస పోలేదని మధ్యవర్తితో కబురు పెట్టారు. చుట్టాలందరికీ తెలిసి నవ్వులపాలయ్యాను. రెండోసారి అమ్మాయితో కాఫీ షాపులో మాట్లాడుతుండగా ఫైరింజన్ వెళ్తే చూడ్డానికి వెళ్లాను, వచ్చేసరికి ఆమె లేదు. వచ్చే ఆదివారం ఇంకో సంబంధం వాళ్లు ఇల్లు చూడ్డానికి వస్తున్నారు, అమ్మాయి కూడా వస్తుందట. బస్సులన్నీ అటక ఎక్కించమని అమ్మ పట్టుబడుతోంది. అక్కేమో డాక్టరుకు చూపించుకోమంటోంది. పెళ్లయ్యేదాకా ఈ సంగతి దాస్తే తప్పా?
(ఉత్తరం నాలుగు పేజీలు, ఇక్కడ కుదించాం.)

జవాబు: దాచొద్దు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు గానీ, ఆ వెయ్యిలో ఒకటి బయటపడ్డాక ఇల్లు ఎలా ఉంటుందో సామెత కట్టినవాళ్లు చూడలేదనుకుంటా. ఆ తర్వాతి ఉత్తరాలు నాకొస్తాయి. పైగా మీది దాస్తే దాగేది కాదు. షోకేసులో ఉన్నవాటిని అటక ఎక్కించగలరు. దారిలో కొత్త సూపర్ లగ్జరీ ఎదురైతే మీ మెడ దానంతటదే తిరుగుతుందే, దాన్ని ఏ అటక ఎక్కిస్తారు? పెళ్లయిన వారానికే ఆ పిల్లకు తెలిసిపోతుంది. అప్పుడు ఆమెకు కోపం బస్సుల మీద రాదు, ఇంటిల్లిపాదీ కలిసి తన దగ్గర దాచినందుకు వస్తుంది.

ఇక ఈ ఇష్టం తప్పా అంటే, నాకైతే తప్పు కనబడలేదు. 1983 ఫైనల్లో మనవాళ్లు 183 కొట్టారని గుర్తుపెట్టుకున్నవాణ్ణి చురుకైనవాడంటాం. 300 నంబరు బస్సు ఉప్పల్ నుంచి మెహిదీపట్నం పోతుందని గుర్తుపెట్టుకున్నవాణ్ణి పిచ్చివాడంటాం. నిజానికి రెండోది తెలిసినవాడి వల్లే పక్కింటివాళ్లకు ఉపయోగం. బస్సును ఇష్టపడేది మీరొక్కరే కూడా కాదు. 2023 సెప్టెంబరులో ముంబైలో పాత డీజిల్ డబుల్ డెక్కర్ చివరి ట్రిప్పు వేసిన రోజున జనం దానికి దండలు వేసి సాగనంపారు. అదే ఊళ్లో అనిక్ డిపోలో, అక్కడ సిటీ బస్సులు నడిపే బెస్ట్ సంస్థ బస్సుల మ్యూజియమే పెట్టింది. మన హైదరాబాద్‌లోనూ ఒకప్పుడు డబుల్ డెక్కర్లు తిరిగేవి. నేను కాలేజీ రోజుల్లో పై అంతస్తులో ముందు సీటు కోసం రెండు బస్సులు వదిలేసిన దాన్నే. కాబట్టి ఈ విషయంలో నా తీర్పు పూర్తిగా నిష్పక్షపాతం అనుకోకండి.

ఇంకో తమాషా. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. దాంతో అక్కడ పెళ్లిళ్ల మార్కెట్లో డ్రైవరు, కండక్టరు సంబంధాలకు కొత్త గిరాకీ వచ్చిందని మధ్యవర్తులు చెబుతుంటే విన్నాను. బస్సు నడిపేవాడికి పిల్లనిస్తారు, బస్సును చూసి మురిసేవాడికి ఇవ్వరా?

సరే, అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లేలాండ్ బండికీ టాటా బండికీ తేడా చెబుతూ ఓ పేజీ రాశారు. ఆ మేనమామ ఏమన్నాడో, ఎలా నవ్వాడో, ఆ మాట ఎవరెవరి దాకా పాకిందో పేజీన్నర రాశారు. కాఫీ షాపులో మిమ్మల్ని చూడ్డానికొచ్చిన అమ్మాయి గురించి రెండు లైన్లు. ఆమె ఏం మాట్లాడుతుండగా మీరు లేచారు? చెప్పి లేచారా? ఎంతసేపటికి తిరిగొచ్చారు? తర్వాత ఫోన్ చేశారా? ఇవేవీ లేవు. మొదటి సంబంధం మీ ఇష్టం వల్ల పోయింది, ఒప్పుకుంటాను. అది వాళ్ల లోటు, వదిలెయ్యండి. రెండోది మీ ఇష్టం వల్ల పోలేదు. కొత్త మనిషితో ఒంటరిగా మాట్లాడ్డానికి ఆ అమ్మాయి ఎంత ధైర్యం కూడగట్టుకుని వచ్చి ఉంటుందో! ఎదురుగా కూర్చున్నవాడు మాట మధ్యలో లేచి వెళ్లిపోతే ఆమె ఏమనుకోవాలి? ఆ కుర్చీలో మీ అక్క కూర్చుని ఉంటే మీరేమనేవారు? అది ఫైరింజన్ కాకుండా క్రికెట్ స్కోరైనా, ఆఫీసు ఫోనైనా నా జవాబు ఇదే.

ఆమెకు క్షమాపణ చెప్పండి. సంబంధం మళ్లీ కలుపుకోవడానికి కాదని స్పష్టంగా రాయండి. మధ్యవర్తి ద్వారా రెండు ముక్కల మెసేజ్ చాలు: ‘ఆ రోజు మిమ్మల్ని కూర్చోబెట్టి వెళ్లిపోవడం నా తప్పు. మీకు మంచి జరగాలి.’ అంతే. వివరణలొద్దు, ఏ మోడల్ ఫైరింజనో అసలే వద్దు.

సైరన్ వెనకాల పరుగు సంగతి గట్టిగానే చెబుతాను. అది మానేయండి. పెళ్లి కోసం కాదు. పోతున్నది అగ్గి దగ్గరికి. అక్కడ ఎవరి ఇల్లో, ఎవరి దుకాణమో తగలబడుతుంటుంది. మెయిన్ రోడ్డు నుంచి సందులోకి మలుపు తిప్పడానికే ఆ డ్రైవరు నానా తంటాలు పడతాడు. వేల లీటర్ల నీళ్లు మోసే బండి, అనుకున్నచోట ఆగదు, అనుకున్నంతలో తిరగదు. దాని వెనకాల అతుక్కుని వచ్చే బైకులే సందు మొదట్లో జనంగా మారతాయి. ఫైరింజన్‌కు, అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉన్నాయి. మీరు దారి ఇవ్వని రకం కాదని తెలుసు. కానీ దారి ఇచ్చి ఆ దారిలోనే వెనకాల పడితే ఇచ్చినట్టా? ఫొటోలు తీస్తానని కూడా రాశారు. కాలుతున్న ఇంటి ముందు నిలబడి ఏడుస్తున్న మనిషి మీ ఫొటోలో ఓ మూల ఉంటుంది. మీ కన్ను ఎర్రబండి మీదే ఉండొచ్చు, ఆ మనిషి కన్ను మీ మీద ఉంటుంది.

ఫైరింజన్ల మీద ఇష్టం చంపుకోమనడం లేదు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944లో ఏప్రిల్ 14నే బొంబాయి రేవులో ఓడ పేలి, మంటలార్పడానికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది పెద్ద సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్ల జ్ఞాపకంగానే ఈ వారం. ఆ రోజుల్లో గొట్టాలు, నిచ్చెనలు, పంపులు బయటపెట్టి జనానికి చూపిస్తారు, అడిగినవాటికి ఓపిగ్గా చెబుతారు. మిగతా రోజుల్లో స్టేషన్ ఆఫీసర్ని అడిగి, ఖాళీగా ఉన్న వేళ వెళ్లొచ్చు. సైరన్ మోగుతూ పోయే బండిని మీరు అర నిమిషం చూస్తున్నారు. నిలబెట్టిన బండి దగ్గర, దాన్ని నడిపేవాళ్ల పక్కన గంట గడపొచ్చు. డిపోల విషయంలోనూ ఇంతే. గేటు లోపల ఫొటోలు తీయాలంటే డిపో మేనేజరును ఓ మాట అడగండి. కాదంటే వచ్చేయండి, బస్సు ఎలాగూ రోడ్డు మీదకే వస్తుంది.

డాక్టరు మాట. ఉత్తరం చూసి మీకిది ఉంది, అది లేదు అని చెప్పడం నా పని కాదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి కూడా. నలభై బస్సులు చేయడం జబ్బు కాదు. కానీ ఒకటి మిమ్మల్ని మీరే అడగండి: సైరన్ వినబడ్డప్పుడు ‘ఇవాళ వద్దులే’ అని కూర్చోగలరా? కూర్చుంటే కాసేపటికి సర్దుకుంటుందా, లేక పొద్దంతా చేతులు ఆడవా? కూర్చోగలిగితే అక్కకు అదే చెప్పండి. ఎంత ప్రయత్నించినా కాళ్లు ఆగకపోతే, ఆఫీసు పని కూడా దెబ్బతింటుంటే, ఓసారి సైకాలజిస్టుతో మాట్లాడండి. కంటి పరీక్షకు వెళ్లినట్టే వెళ్లిరావచ్చు, అందులో నామోషీ ఏం లేదు. అక్క చెప్పిన తీరు మీకు నచ్చకపోయి ఉండొచ్చు. నాకైతే ఆమె మాటలో వెటకారం కన్నా దిగులే ఎక్కువ వినబడింది.

డబ్బు సంగతి మీరు రాయలేదు. సన్‌బోర్డు, రంగులే కాబట్టి అదేమంత పెద్ద లెక్క కాదనుకుంటా. ఆ అమ్మాయి అడిగితే నెలకు ఎంతవుతుందో దాపరికం లేకుండా చెప్పండి. అకౌంట్స్ చూసేవారు, మీకు నేను చెప్పాలా.

ఇక ఆదివారం. ఆ అమ్మాయితో విడిగా మాట్లాడే పది నిమిషాలు దొరుకుతాయి కదా, అందులో మీ ఇష్టాన్ని మీరే చెప్పండి. షోకేసు చూసి వాళ్లు అడిగేదాకా ఆగితే సంజాయిషీ ఇచ్చినట్టుంటుంది. ఎలా చెప్పాలన్నది ముఖ్యం. బీఎస్ 4 ఇంజన్‌కూ బీఎస్ 6 ఇంజన్‌కూ తేడా చెబితే ఆవలిస్తుంది, ఆమె తప్పేం లేదు, నేనూ ఆవలించాను. ఆర్టీసీ బండి నంబర్లలో జెడ్ అక్షరం ఎందుకుంటుందో చెప్పండి. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు నిలవాలని పెట్టించాడని జనం చెప్పుకుంటారు. ఆ కథ ఆమెతో వచ్చిన నాయనమ్మ కూడా చెవి ఒగ్గి వింటుంది. 1932లో నిజాం రైల్వేవాళ్లు 27 బస్సులతో మొదలుపెట్టిందే ఇవాళ్టి ఇంత సంస్థ అని చెప్పండి. అక్కడితో ఆగండి. ఆగడం మీకు కష్టమని తెలుసు.

ఆగి, ‘మీ ఊరికి ఏ బస్సు వచ్చేది?’ అని అడగండి. మన దగ్గర బస్సు కథ లేని మనిషి ఉండడు. కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్న రోజు, చిల్లర లేక కండక్టరు టికెట్ వెనకాల రాసిచ్చి, దిగేటప్పుడు అడగడం మర్చిపోయిన రోజు, రాత్రి ఊళ్లో ఆగిన నైటౌట్ బస్సు పొద్దున్నే హారన్ కొడితే తల దువ్వుకోకుండా పరిగెత్తిన రోజు. ఆమె చెబుతుంటే అది ఏ డిపో బండి అని మధ్యలో అడ్డురాకండి. ఆమె కథ రెండు నిమిషాలైతే మీది ఒక నిమిషం. తర్వాత ఆమెకు ఏమిష్టమో అడగండి. ముగ్గులో, మొక్కలో, సీరియళ్లో, ఏదైనా కానివ్వండి. మీ బస్సులను ఆమె ఎలా వినాలని మీరు కోరుకుంటున్నారో, ఆమె చెప్పేది మీరు అలా వినండి. ఆమెకు బస్సులు నచ్చకపోవచ్చు. నచ్చాలని పట్టుబట్టకండి. నవ్వకుండా విన్నదంటే అదే చాలా ఎక్కువ. నవ్వినా ఫర్వాలేదు. ఎగతాళిగా నవ్విందా, ముచ్చటపడి నవ్విందా అన్నది మీకే తెలుస్తుంది. ఎగతాళిగా నవ్వితే ఈ సంబంధం మీకే వద్దు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. సైరన్ వినబడితే కుర్చీ చేతులు పట్టుకుని కూర్చోండి.

అమ్మతో మాత్రం పోట్లాడొద్దు. మేనమామ మాట మీకన్నా ఆవిడకు లోతుగా గుచ్చుకుని ఉంటుంది. చుట్టాల పెళ్లిళ్లలో ఆ మాటకు జవాబు చెప్పుకుంటున్నది ఆవిడే కదా. అందుకని మధ్యే మార్గం ఒకటి చూడండి. నలభై ఒకేసారి కనబడితే ఎవరికైనా దుకాణంలా అనిపిస్తుంది. షోకేసులో ఐదారు ఉంచి, మిగతావి మీ గదిలోకి మార్చండి, అటక మీదికి మాత్రం కాదు. ఏ ఐదారు ఉంచాలన్నది అమ్మనే ఎంచమనండి. శనివారం సాయంత్రం ఒక్కొక్కటే తీసి చేతికివ్వండి. ఆవిడ పుట్టింటికి ఏ బస్సు వెళ్లేదో ఇన్నేళ్లలో ఎప్పుడైనా అడిగారా? ఆ బస్సు మీ నలభైలో లేకపోతే, ఆదివారంలోగా చేయడానికి సన్‌బోర్డు ఉందో లేదో చూసుకోండి.