వైవాక్స్ మలేరియాకు ప్రిమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ టెస్ట్ ఎందుకు?

బ్లడ్ స్మియర్‌లో (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) వైవాక్స్ రకం మలేరియా అని తేలాక డాక్టర్ జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) టెస్ట్ కూడా రాశారని, మలేరియాకూ దీనికీ సంబంధమేంటని ఒకరు అడిగారు. సంబంధం జబ్బుతో కాదు, మందుతో.

క్లోరోక్విన్ రక్తంలోని పరాన్నజీవుల్ని చంపుతుంది. కాలేయంలో నిద్రాణంగా దాక్కున్నవాటికి ప్రిమాక్విన్ కావాలి, లేకపోతే నెలల తర్వాత మళ్లీ చలిజ్వరం రావచ్చు. కానీ పుట్టుకతోనే జీ6పీడీ ఎంజైమ్ తక్కువగా ఉన్నవాళ్లలో ఆ మందు ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. మూత్రం కోలా రంగుకు మారినా, కళ్లు పచ్చబడినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ల్యాబ్‌లో రక్తాన్ని రసాయనాలతో కలిపి, కాసేపాగి ఫిల్టర్ పేపర్ మీద చుక్క వేసి, అతినీలలోహిత కాంతిలో చూస్తారు. చుక్క మెరిస్తే ఎంజైమ్ ఉన్నట్టు. మెరవకపోతే లోపం. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి మగవాళ్లలోనే లోపం ఎక్కువ. రెండు జన్యువుల్లో ఒకదానిలోనే లోపమున్న ఆడవాళ్లను ఈ టెస్ట్ పట్టుకోలేకపోవచ్చు, వాళ్లకు ఎంజైమ్‌ను అంకెల్లో కొలిచే పరీక్షే మేలు.

రక్తకణాలు అప్పటికే పగులుతుంటే మాత్రం జాగ్రత్త. కొత్త కణాల్లో ఎంజైమ్ ఎక్కువ కాబట్టి రిపోర్ట్ తప్పుగా నార్మల్ అని రావచ్చు. అనుమానముంటే మూడు నెలలకు మళ్లీ చేయించండి.

లోపం ఉందని తేలితే టెన్షన్ పడకండి. చాలామందికి రోజువారీ కోర్సు బదులు, డాక్టర్ పర్యవేక్షణలో వారానికొక డోసు చొప్పున 8 వారాలు ఇవ్వవచ్చు.