రిప్లీట్ నిండుదనం, కంప్లీట్ నిండుదనం

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అమెరికా చదువులకు వచ్చే పిల్లలు తమ అడ్మిషన్ వ్యాసాలు నాకు పంపి, ఒకసారి చూడమంటుంటారు. ‘కంప్లీట్’ మరీ మామూలు మాటని, ‘రిప్లీట్’ అంటే ఇంగ్లీషు బాగా వచ్చినట్టుంటుందని కొందరి నమ్మకం. ‘మై డిగ్రీ ఈజ్ రిప్లీట్’ అని రాస్తారు. అది తప్పు నాయనా. లాటిన్‌లో నింపడమనే ధాతువు నుంచే రెండు మాటలూ వచ్చాయి, నిజమే. కానీ ఈనాటి వాడుకలో వాటి పనులు వేరు.

ఉండాల్సినవన్నీ ఉండి, ఏ కొరతా లేకపోతే కంప్లీట్. ఏదో ఒకటి విస్తారంగా ఉంటే రిప్లీట్. ఇంకా ఏమైనా మిగిలిందా అన్న సంగతి రిప్లీట్‌కు పట్టదు.

మన అన్నమయ్యనే తీసుకోండి. ఆయన 32,000 సంకీర్తనలు రాశాడని సంప్రదాయం చెబుతుంది. తిరుమల గుడిలోని అరలో రాగిరేకుల మీద దొరికినవి అందులో సగం కూడా లేవు. దొరికినవాటి నిండా భక్తి ఉంది, శృంగారం ఉంది, పల్లె జనం నోటి మాటలున్నాయి. కాబట్టి ఆ సంపుటాలు ‘రిప్లీట్ విత్ డివోషన్’ అనొచ్చు, నిస్సందేహంగా అనొచ్చు. ‘కంప్లీట్’ అని మాత్రం అనలేం. పోయిన పాటలు పోయాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే రెండు మాటలూ ఎప్పటికీ కలగాపులగం కావు.

ఎక్కువమంది తడబడేది ‘విత్’ దగ్గర. అద్దె ఇంటి ప్రకటనలో ‘కంప్లీట్ విత్ డిష్‌వాషర్’ అని ఉంటే, ఇంటితోపాటు అదీ వస్తుందని అర్థం. అక్కడ రిప్లీట్ పెట్టకూడదు, ఒక్క డిష్‌వాషర్‌తో ఇల్లు నిండిపోదు కదా! తిరుమల, తిరుపతి ఆలయాల్లో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. అలాంటిచోట ‘రిప్లీట్ విత్ ఇన్‌స్క్రిప్షన్స్’ చక్కగా కుదురుతుంది. చెడ్డవాటికీ వాడతారు, ‘రిప్లీట్ విత్ ఎర్రర్స్’ అని. కడుపునిండా తిన్నవాడినీ రిప్లీట్ అంటారు గానీ, రోజువారీ మాటల్లో పెద్దగా వినపడదు.

ఇక కాగితాల విషయం. ఇది మార్కులతో పోయేది కాదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఇమిగ్రేషన్ దరఖాస్తుకు అడిగినవీ అడగనివీ జతచేసి, ఇంత లావు కట్ట పంపి నిశ్చింతగా కూర్చుంటారు కొందరు. సంతకం ఒక్కటి లేకపోతే ఆ కట్టంతా తిరిగొస్తుంది. కాగితాలు దండిగా ఉన్నంత మాత్రాన దరఖాస్తు కంప్లీట్ కాదు. తెలుగులో ఉన్న పాత జనన ధ్రువపత్రం పెడితే దానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అది కంప్లీట్‌గా, సరిగ్గా ఉందనీ, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువదించినవారు రాసి సంతకం పెట్టాలి. పేరు, పుట్టిన తేదీ మాత్రం ఇంగ్లీషులో రాసి ఊరుకోకండి. పక్కన రాసిన గమనిక, ముద్రలోని అక్షరాలు, వెనకపేజీలో ఏముంటే అదీ అనువాదంలోకి రావాలి.