మామయ్య ఎఫ్ఎం2 లాంటి కెమెరా: కొనండి, కానీ పాప ఎస్‌ఐపీ ఆపి కాదు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం. జీతం చేతికి 72 వేలు వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 21 వేలు, ఇంటి ఖర్చులు 30 వేలు, పాప స్కూలు ఫీజుకు నెలకు 5 వేలు పక్కన పెడతాం. పాపకు ఏడేళ్లు. తన పైచదువు కోసం 8 వేల ఎస్‌ఐపీ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే మొత్తం) నడుస్తోంది. మిగిలే 8 వేలు ఎటు పోతున్నాయో తెలియదు. ఎఫ్‌డీలో 1.4 లక్షలు ఉన్నాయి. ఏప్రిల్‌లో 60 వేల దాకా బోనస్ వస్తుంది. ఆఫీసు ఆరోగ్య బీమా ఉంది కానీ టర్మ్ పాలసీ (నేను పోతే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా) లేదు. మా మేనమామకు నర్సంపేటలో ఫోటో స్టూడియో ఉండేది. చిన్నప్పుడు ఆయన నికాన్ ఎఫ్ఎం2 ఫిల్మ్ కెమెరా పట్టుకునే పెరిగాను. ఇప్పుడు అచ్చం అలాగే ఉన్న నికాన్ డిజిటల్ కెమెరా జెడ్ఎఫ్‌సీ చూసినప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. ఏడాది ఎస్‌ఐపీ ఆపి కొననా? షాపులో నో కాస్ట్ ఈఎంఐ కూడా ఉందంటున్నారు. వీకెండ్‌లో పెళ్లిళ్లు తీస్తే డబ్బు తిరిగొస్తుంది కదా? 'ఫోన్ ఉండగా ఇదెందుకు' అని నా భార్య అంటోంది.

జవాబు: మీ ఉత్తరంలో నాకు నచ్చనిది పెళ్లిళ్ల మాట ఒక్కటే. ముందు దాన్ని పక్కన పెట్టేద్దాం. లక్ష రూపాయల కెమెరా కావాలనుకోగానే మనలో చాలామందికి తప్పు చేస్తున్నామన్న భావం వస్తుంది. అది పోగొట్టుకోవడానికి 'సంపాదిస్తుంది' అని మనకి మనమే చెప్పుకుంటాం. జెడ్ఎఫ్‌సీలో మెమరీ కార్డు ఒక్కటే పడుతుంది. తాళి కట్టే క్షణం తీశాక ఆ కార్డు పాడైతే ఆ కుటుంబానికి మీరేం చెబుతారు? అందుకే పెళ్లిళ్లు తీసేవాళ్లు రెండు కార్డులు పట్టే కెమెరా వాడతారు. అంతకంటే ముఖ్యమైన సంగతి, మీకు కావలసింది పని కాదు, సంతోషం. సంతోషం కోసం ఖర్చు పెట్టడం నేరం కాదు. నా పుస్తకంలో దానికీ ఒక పద్దు ఉంటుంది, పిల్లల చదువు పద్దు పక్కనే.

మీ భార్య గారు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. పాప పుట్టినరోజు ఫోటోకి ఫోన్ చాలు. కానీ మీరు కొనాలనుకుంటున్నది ఫోటో కాదు, ఫోటో తీయడం. ఎఫ్ఎం2 1982లో వచ్చిన కెమెరా. జెడ్ఎఫ్‌సీని 2021లో దాని పోలికలోనే చేశారు. పైన షట్టర్ స్పీడుకు ఒక డయల్, ఐఎస్ఓకి (వెలుతురును కెమెరా ఎంతగా పట్టుకోవాలో చెప్పే అంకె) ఒకటి. వేలితో తిప్పితే టక్ టక్ మని ఒక్కో అంకె దగ్గర ఆగుతుంది. పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడి, వెలుతురు చూసి, షట్టర్ స్పీడు 250 పెట్టాలా 500 పెట్టాలా అని ఒక నిమిషం ఆలోచించడం, అదీ మీకు కావలసింది. ఈ మాట ఆమెకు ఇలాగే చెప్పండి. 'ఫోన్ కంటే క్లారిటీ ఎక్కువ' అని వాదించకండి. ఆమె ఒప్పుకోకుండా మాత్రం కొనకండి.

ఇక డబ్బు సంగతి. ఎస్‌ఐపీ ఏడాది ఆపితే 96 వేలు చేతికొస్తాయి, నిజమే. ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగితే అదే 96 వేలు 11 ఏళ్లలో, అంటే పాపకు 18 వచ్చేసరికి, 2.7 లక్షలు దాటుతాయి. 10 శాతం ఖాయమని ఎవరూ చెప్పలేరు. కానీ తన కాలేజీ ఫీజులోంచి తీసి కెమెరా కొన్నానన్న సంగతి మాత్రం డయల్ తిప్పిన ప్రతిసారీ మీకు గుర్తొస్తుంది. ఆపకండి.

నో కాస్ట్ ఈఎంఐలో కాస్ట్ ఉంటుంది. వడ్డీ ఎక్కడో ఒకచోట కలిసే ఉంటుంది. చాలాసార్లు నగదుకు రావలసిన డిస్కౌంట్ రాదు, ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, క్రెడిట్ కార్డు ఈఎంఐ అయితే వడ్డీ మీద జీఎస్టీ పడుతుంది. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. నా అనుభవం కూడా చెబుతాను. పన్నెండేళ్ల కిందట నేనూ ఒక కెమెరా క్రెడిట్ కార్డు మీద కొన్నాను. రెండు నెలలు మినిమం కట్టి ఊరుకున్నాను. ఆ తర్వాత బీరువా తీసి కెమెరా చూస్తే చాలు, బిల్లు తేదీ గుర్తొచ్చి టెన్షన్ పడేవాణ్ని. దాంతో సరిగ్గా ఫోటోలు తీసింది అప్పు తీరాకే. మీకు అలా కాకూడదని నా కోరిక.

ఎఫ్‌డీ కూడా కదపకండి. ఈఎంఐ, ఇంటి ఖర్చు, ఫీజు కలిపితే మీకు నెలకు 56 వేలు తప్పనిసరి. ఉద్యోగం పోతే 1.4 లక్షలు మూడు నెలలు కూడా రావు.

అందుకే ఎటు పోతున్నాయో తెలియని ఆ 8 వేలతో మొదలుపెడదాం. అందులో 1,500 టర్మ్ పాలసీకి. ఇంటి లోను మీ పేరు మీద ఉండి టర్మ్ పాలసీ లేకపోవడం నాకు కెమెరా కంటే ఎన్నో రెట్లు పెద్ద విషయం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత టర్మ్ పాలసీ ప్రీమియం మీద జీఎస్టీ కూడా లేదు. ఈ నెలలోనే తీసుకోండి. 2 వేలు ఎఫ్‌డీకి తోడు చేయండి. మిగతా 4,500 కెమెరా పేరుతో ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) కట్టండి. జీతం పడిన మర్నాడే డెబిట్ అయ్యేలా పెట్టుకోండి, లేకపోతే అవీ ఎటో పోతాయి. బోనస్‌లో 20 వేలు ఎఫ్‌డీ వైపు, 40 వేలు కెమెరా వైపు. పద్నాలుగు నెలలకు కెమెరా పద్దులో 1,03,000 ఉంటాయి, ఆర్‌డీ వడ్డీ అదనం. మీ అత్యవసర నిధి, అంటే ఆ ఎఫ్‌డీ, 1,88,000కి చేరుతుంది. ఆ 8 వేలతో హోమ్ లోన్ ముందుగా తీర్చమని చెప్పేవాళ్లుంటారు. మంచి మాటే, కానీ ఈ పద్నాలుగు నెలలు ఆగినందుకు మీ ఇల్లేమీ పోదు.

జెడ్ఎఫ్‌సీ మన దేశంలో విడుదలైనప్పుడు లెన్స్ లేకుండా బాడీ 84,995, 16-50 ఎంఎం లెన్స్‌తో 97,995. కొనే రోజు ధర ఎలాగూ చూసుకుంటారు. దాని పెద్దన్న జెడ్ఎఫ్ వైపు మాత్రం చూడకండి. అది 2023లో బాడీకే 1,76,995తో వచ్చింది, దానికి తగ్గ లెన్సుల ఖర్చు మళ్లీ వేరే. భారత్ వారంటీ, జీఎస్టీ బిల్లు లేకుండా పది వేలు తక్కువకి ఇస్తామంటే వద్దనండి.

ఒక చిన్న సంగతి కొనేముందు తెలుసుకోవాలి. మామయ్య కెమెరాలో లెన్స్ చుట్టూ తిప్పే ఎపర్చర్ రింగు (వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని పెద్దది, చిన్నది చేసేది) ఉండేది కదా. 16-50లో అంకెలున్న అలాంటి రింగు లేదు, ఎపర్చర్‌ను మామూలుగా కెమెరా చక్రంతో మారుస్తారు. ఆ రింగు కోసమే ఫ్యూజీఫిల్మ్ వైపు వెళ్లేవాళ్లున్నారు. మీరు వెళ్లనక్కర్లేదు. మామయ్య ఎఫ్ఎం2 ఇంకా ఉంటే దాని 50 ఎంఎం లెన్స్ కూడా ఉంటుంది. కొన్ని వేలల్లో దొరికే అడాప్టర్‌తో అది జెడ్ఎఫ్‌సీకి పడుతుంది. ఫోకస్ చేత్తోనే చేయాలి, ఎపర్చర్ ఆ పాత రింగుతోనే. జెడ్ఎఫ్‌సీలో బొమ్మ పట్టే సెన్సార్ ఫిల్మ్ కంటే చిన్నది కాబట్టి 75 ఎంఎం లెన్స్‌తో చూసినట్టు దగ్గరగా కనిపిస్తుంది. మనుషుల ముఖాలకు చాలా బాగుంటుంది. బాడీ ఒక్కటే కొంటే 13 వేలు మిగులుతాయి కదా అంటారేమో. నేనైతే 16-50తోనే కొనమంటాను. ఏడేళ్ల పాప పరిగెడుతుంటే చేత్తో ఫోకస్ అందదు.

ఈ ఆదివారం షాపుకి కాదు, మామయ్య దగ్గరికి వెళ్లండి. పాపనీ తీసుకెళ్లండి. ఆ లెన్స్ అడిగి తీసుకుని, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టుకుని లోపలికి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే అది ఫంగస్. పాత లెన్స్ బాగుచేసే మనిషికి చూపించి, ఎంతవుతుందో కనుక్కోండి. ఆ ఖర్చు కూడా ఇప్పుడే లెక్కలో వేసుకుందాం.